కార్తెల లెక్క: పావగడ సీమలో కాలం

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. సూర్యుడు ఏడాదిలో నడిచే దారిని 27 వాటాలు చేస్తే, ఒక్కొక్కటి దాటడానికి పదమూడు, పద్నాలుగు రోజులు పడుతుంది. నక్షత్రాల జాబితా చాలా పాతది. అథర్వవేదం 19వ కాండలో కృత్తికతో మొదలయ్యే 28 పేర్లున్నాయి. చంద్రుడి మజిలీలుగా లెక్కకొచ్చిన ఆ నక్షత్రాల్లో 27 సేద్యంలో సూర్యుడి మజిలీలయ్యాయి.

ఈ మార్పుకు కారణం ఉంది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. అధికమాసంతో సర్దినా ఉగాది ఒక ఏడు మార్చిలో, ఇంకో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. పండుగకు దానితో ఇబ్బంది లేదు, విత్తనానికి ఉంది. మృగశిర కార్తె అలా కాదు, ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. అయినా ఇదీ పూర్తిగా స్థిరం కాదు. నక్షత్రాలను పట్టుకున్న లెక్క కనుక ఋతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒక రోజు వెనకబడుతుంది. వెయ్యేళ్ల క్రితం మృగశిర వచ్చిన అదనులో ఇప్పుడు రోహిణి వస్తోంది.

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి వంటి ఊళ్లలో ఈ లెక్కకు రెండు పేర్లు. కర్ణాటకలో ఉన్నా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్. ఇళ్లలో తెలుగు, కాగితాల్లో కన్నడం. తెలుగులో మృగశిర కార్తె, కన్నడంలో మృగశిర మళె, అంటే వాన. చినుకు పడకపోయినా అది మళెయే! రోళ్లు పగిలే రోహిణి ఎండ దాటాక, ఆరుద్ర, పునర్వసుల్లో శెనక్కాయ విత్తుతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ పంట కూడా పాత కార్తెల్లోనే అదను వెతుక్కుంది.

ఇటీవల అదే తాలూకాలో ఇంకో కాలం మొదలైంది. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాలు కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు కట్టారు. 2019 చివరికి అది పూర్తిస్థాయికి చేరింది. కౌలు గడువు 28 ఏళ్లు; మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఆరుద్ర కురిసినా కురవకున్నా భూమి ఉన్నవాళ్లకు ఆ డబ్బు వస్తుంది. సెంటు భూమి లేని కూలీలకు కౌలు లేదు. వాళ్లకు విత్తే కార్తె, కలుపు తీసే కార్తె, కాయ పెరికే కార్తె కూలి దొరికే రోజులు. సౌర పలకలు పరిచిన ఆ ఎకరాల్లో ఆ రోజులు పోయాయి.