టెలిఫోను పలికే మూడు స్వరాలు

యానాం 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో ఉండేది. నేడు పుదుచ్చేరి పరిపాలనలో ఉన్నది. కాని దాని టెలిఫోను కోడు మాత్రం కాకినాడదే: 0884. ఏలికలు ఎవరైనా తీగ ఇరుగుపొరుగునే నమ్ముకొన్నది. బ్రతుకుతెరువుకై ఆ ఊరు విడిచినవారికి ఇంటి కబురు తెచ్చినదీ ఆ తీగయే.

టెలిఫోను మాటలే గాక సంకేత ధ్వనులు కూడా పలుకుతుంది. వాటి చరిత్ర క్లుప్తంగా మనవి చేస్తాను.

1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్ఛేంజీలు వెలసినప్పుడు లైను కలిపేది మనిషే. కలవకపోతే నోటితో చెప్పేది మనిషే. 1891లో అమెరికాలో స్ట్రోజరు పేటెంటు పొందిన యంత్రం వంటివి వ్యాపించగా, ఆ కబురు చెప్పే పని ధ్వనుల మీద పడింది. అవతల గంట మ్రోగుతూంటే మన దేశంలో రెండేసి మ్రోతలు వినవస్తాయి. ఫ్రాన్సులో ఒకే దీర్ఘమైన మ్రోత. ఇట్లు దేశానికొక తీరు గనుక, పిలుపు కలవలేదని ఏ భాషవారికైనా తెలిసేలా అంతర్జాతీయంగా మూడు స్వరాలు నిర్ణయించారు: 950, 1400, 1800 హెర్ట్జులు, మెట్టు మెట్టుగా పైకి.

అమెరికాలో యంత్రాలతో నంబర్లు తిప్పి సరుకులమ్మే కంపెనీలు పెరిగాయి. ఈ స్వరాలు వింటే అటువంటి యంత్రం ఆ నంబరు చెల్లదని వదలివేస్తుంది. అది గ్రహించిన గృహస్థులు జవాబు యంత్రంలో తమ పలకరింపుకు ముందు ఆ స్వరాలే రికార్డు చేసుకొన్నారు. 2001లో టెలీజాపర్ అనే పరికరం కూడా ఇదే కిటుకుతో అమ్మకానికి వచ్చింది.

ఉపాయం మంచిదే. కాని యానాం నుండి తల్లి పిలిస్తే ఆమెకూ ముందు వినవచ్చేది ఆ స్వరాలే గదా! అబ్బాయి నంబరు పోయిందనుకొని ఆమె ఫోను పెట్టివేస్తే, వెనుక వచ్చే కొడుకు గొంతు ఎవరు వినాలి?

నేను రైల్వే గుమాస్తాను. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఎన్ని గంటలు కొడితే ఏ అర్థమో ముందే నిర్ణయమై ఉంటుంది. ఒకరు తమ సౌకర్యానికి వేరుగా కొడితే ఆ గంటను ఇక నమ్మేవారుండరు. సంకేతం పదిమంది సొత్తు.

అమ్మకపు పిలుపులు వద్దనేవారి పేర్లు నమోదు చేసే పద్ధతి అమెరికాలో 2003లోను, మన దేశంలో 2007లోను వచ్చింది. తొందర పూర్తిగా తీరకపోయినా దారి అదే. ఈ ఉగాదికి మన ఫోన్లలోని పలకరింపును ఒక్కసారి విని చూచుకొందాము. అందులో మొదటి మాట తెలుగు మాట అయితే, ఊరినుంచి పిలిచే పెద్దలు నిశ్చింతగా కబురు చెప్పి పెట్టుకొంటారు.