సతోరు ఇవాటా: కోడ్ రాసిన చేతికే దక్కిన పేరు

వీడియో గేమ్ కంపెనీ అధిపతి పేరు వాటాదారులకు తెలియడం మామూలే. ఆటలాడేవాళ్లు ఆయన ముఖాన్ని గుర్తుపట్టడం, ఆయన మాట కోసం ఎదురుచూడటం మాత్రం అరుదు. నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటాకు ఆ ఆదరణ దక్కింది. అది ప్రచార విభాగం తెచ్చిపెట్టిన వెలుగని అనుకునేవారున్నారు. ఆయన నడిచివచ్చిన దారి చూస్తే, దాని మూలం ప్రోగ్రామర్‌గా అలవడిన పద్ధతిలోనే ఉంది: చిక్కును విప్పి అందరికీ చూపడం, దానికి తానే పూచీ పడటం.

1959లో సప్పొరోలో పుట్టిన ఇవాటా, టోక్యోలో ఇంజినీరింగ్ చదువుతూనే హాల్ లేబొరేటరీ అనే చిన్న సంస్థలో పార్ట్‌టైమ్ పనికి కుదిరారు. 1982లో చదువు పూర్తవగానే అక్కడే ఉద్యోగిగా చేరి, ‘బెలూన్ ఫైట్’ వంటి ఆటలకు కోడ్ రాశారు. 1993లో, సుమారు 150 కోట్ల యెన్ల అప్పుల్లో ఉన్న ఆ సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఉద్యోగులందరితో విడివిడిగా మాట్లాడి ఎవరి ఇబ్బంది ఏమిటో తెలుసుకున్నారు. ఆరేళ్లలో బాకీలు తీర్చారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, ఏళ్లుగా ముందుకు సాగని ‘మదర్ 2’ ఆట బృందం ముందు రెండు దారులు ఉంచారు: ఉన్నదాన్నే సరిదిద్దితే రెండేళ్లు, మొదటి నుంచి రాస్తే ఆరు నెలలు. వాళ్లు రెండో దారి పట్టారు. 1994లో ఆట విడుదలైంది.

2002లో ఆయన నింటెండో పగ్గాలు అందుకున్నారు. సంస్థను అప్పటిదాకా నడిపిన యమౌచి కుటుంబానికి చెందని తొలి అధ్యక్షుడు ఆయనే. ఆయన హయాంలో వచ్చిన గేమ్ యంత్రాల్లో డీఎస్ 15 కోట్లకు పైగా, వీ 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అయితే జనానికి ఆయన్ను దగ్గర చేసింది అమ్మకాలు కావు. 2006 నుంచి ఆటల తయారీదారులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్లు ఎక్కడ తడబడ్డారో, ఎలా గట్టెక్కారో తానే అడిగి ప్రచురించారు. 2011 అక్టోబరులో, కొత్త ఆటల సంగతులు జనానికి నేరుగా చెప్పే నింటెండో డైరెక్ట్ వీడియోలు మొదలయ్యాయి. 2012లో తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, కొత్త గేమ్ యంత్రం వీ యూ పెట్టె తెరిచి ఒక్కో భాగాన్నీ బయటికి తీసి చూపించారు.

ఇదంతా విలేకరుల ప్రశ్నలను తప్పించుకునే ఎత్తుగడ అన్నవారున్నారు. అందులో కొంత నిజం ఉంది: అడిగేది సంస్థ అధిపతే అయినప్పుడు ఇబ్బందికర ప్రశ్నలు రావు. కానీ ప్రచారమే పరమావధి అయినవారు నష్టకాలంలో తెర చాటుకు వెళ్తారు. 2011లో 3డీఎస్ గేమ్ యంత్రం ధరను 25 వేల యెన్ల నుంచి 15 వేలకు దించాల్సి వచ్చినప్పుడు ఇవాటా తన జీతాన్ని సగానికి కోసుకున్నారు. వీ యూ దెబ్బతిన్నాక 2014లో మళ్లీ ఐదు నెలలు అదే చేశారు. ఉద్యోగాలు కోసేయాలన్న వాదననూ ఒప్పుకోలేదు. పని పోతుందన్న భయంలో ఉన్నవాళ్లు జనాన్ని మెప్పించే ఆటలు చేయలేరన్నది ఆయన నమ్మకం. వీ యూ వైఫల్యంలో ఆయన బాధ్యత తక్కువేమీ కాదు. దాన్ని ఆయన కింది ఉద్యోగుల మీదికి నెట్టకపోవడమే ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

2015 జులైలో, 55 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన వీడియోలను సంస్థ ఇప్పటికీ కొనసాగిస్తోంది. ఆ పద్ధతిని ఎవరైనా అనుకరించవచ్చు. ఆయనపై పెరిగిన నమ్మకం మాత్రం అనుకరణతో రాదు. చెప్పే సంగతి లోతుగా తెలిసి ఉండాలి, లెక్క తప్పినప్పుడు నష్టంలో మొదటి వాటా తానే మోయాలి. ఈ రెండూ ఉన్న అధిపతికే జనంలో పేరు నిలుస్తుంది.