చెవిని కొలవబోతే ధ్యాస తగిలింది

1919లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్ అనే మనస్తత్వవేత్త కొన్ని గ్రామఫోన్ రికార్డులు తయారుచేయించాడు. వాటిలో పాటలు లేవు. ఒక ధ్వని, వెంటనే మరొకటి. రెండోది మొదటిదానికన్నా హెచ్చా, తగ్గా? అంతే ప్రశ్న. రెంటి మధ్య తేడా సెకనుకు 30 కంపనాల నుంచి అర కంపనం దాకా ఉండేది. సంగీత ప్రతిభ పుట్టుకతో వస్తుందనీ, ఎవరికి సంగీతం నేర్పితే అబ్బుతుందో ఇలాంటి పరీక్షలతో ముందే తేల్చవచ్చనీ ఆయన నమ్మకం.

సంగీతాన్ని ఇలా ముక్కలు చేసి కొలవడమేమిటని జేమ్స్ మర్సెల్ లాంటివారు గట్టిగానే తగువు పెట్టుకున్నారు. నాకు తోచే సందేహం ఇంకొకటి. అరవయ్యో జత దగ్గర తప్పు చెప్పిన పిల్లవాడికి చెవి లేదా, లేక అప్పటికే మనసు కిటికీలోంచి బయటికి పోయిందా?

అదే అయోవాలో చదివిన ఎడ్విన్ గోర్డన్ ఈ చిక్కును బాగానే పట్టుకున్నాడనిపిస్తుంది. 1979లో చిన్న తరగతుల పిల్లల కోసం ఆయన రూపొందించిన పరీక్షలో చదవాల్సిన అక్షరాలు లేవు, అంకెలు లేవు. ప్రశ్నల వరుసకు గుర్తుగా బొమ్మలు. విన్న రెండు స్వరఖండాలు ఒకటే అయితే ఒకేలాంటి ముఖాల జత చుట్టూ, కాకపోతే వేరువేరు ముఖాల జత చుట్టూ సున్నా చుట్టాలి. అయినా మొదటి ఖండాన్ని మనసులో పట్టుకుని రెండోది వినక తప్పదు కదా! చెవి, ధ్యాస అక్కడా విడిపోలేదు.

మన సరళీ స్వరాల పాఠంలోనూ అంతే. చేత్తో ఆదితాళం, నోట స్వరం. రెండో కాలంలో స్వరాలు రెట్టింపవుతాయి, మూడో కాలంలో నాలుగింతలు. చెయ్యి మాత్రం మొదటి నడకలోనే ఉండాలి. నోటితోపాటు చెయ్యీ పరుగెత్తిందా, టీచరు ఆపేసి మళ్లీ మొదటికి తెస్తారు. ఈ సాధనే ధ్యాసను పెంచుతుందా? ధ్యాస ఉన్న పిల్లలే గీతాల దాకా నిలుస్తారా?

ఈ ప్రశ్న తేలకముందే 1993లో, మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందంటూ, ‘మొజార్ట్ ప్రభావం’ అనే గోల మొదలైంది. అసలు పరీక్షకు కూర్చున్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. వాళ్లలో కనిపించిన లాభం పావుగంటలోపే ఆవిరైంది. అయినా 1998లో జార్జియా గవర్నరు ఆ రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇద్దామన్నాడు.

సరైన ప్రయోగం 2004లో వచ్చింది. కెనడాలో గ్లెన్ షెలెన్‌బర్గ్ 144 మంది ఆరేళ్ల పిల్లలను చీట్లు వేసినట్టు పంచి కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం నేర్పించాడు. మిగిలినవారికి ఆ ఏడాది ఏ పాఠమూ లేదు. సంగీతం నేర్చినవారి ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగింది, మిగతావారికి 4.3. తేడా నిజమే, కానీ చిన్నది.

2020లో ఒకదానికొకటి పొసగని రెండు ఫలితాలు వెలువడ్డాయి. చిలీలో 10–13 ఏళ్ల 40 మంది పిల్లలను స్కానర్‌లో పడుకోబెట్టి, ఒక బొమ్మనూ ఒక రాగఖండాన్నీ ఒకేసారి అందించి, ఒకసారి ఒకదాని మీద, మరోసారి రెంటి మీదా ధ్యాస పెట్టమన్నారు. వాద్యం నేర్చిన ఇరవై మందికి ఎక్కువ గుర్తున్నాయి, జవాబిచ్చే వేగంలో మాత్రం తేడా లేదు. అదే ఏడు జొవాన్ని సాలా, ఫెర్నాండ్ గోబె 54 అధ్యయనాలను, దాదాపు ఏడు వేల మంది పిల్లల ఫలితాలను కలిపి చూశారు. పిల్లలను యాదృచ్ఛికంగా పంచి, రెండో జట్టుకూ వేరే వ్యాపకం ఇచ్చిన చోట సంగీతం వల్ల వచ్చిన అదనపు లాభం దాదాపు సున్నా.

నా మొగ్గు సాలా, గోబెల వైపే. చిలీ పిల్లలను ఎవరూ చీట్లు వేసి ఎంచలేదు. వాళ్లు కనీసం రెండేళ్లుగా వాద్యం నేర్చుకుంటూ, బృందాల్లో వాయిస్తున్నవాళ్లు. షెలెన్‌బర్గ్ కూడా తర్వాత ప్రశ్నను తిరగేశాడు: అసలు సంగీతంలో ఎక్కువకాలం నిలిచే పిల్లలెవరు? సహ పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో తేలినవి రెండు స్వభావాలు: కొత్తదానిపై ఆసక్తి, పట్టిన పని వదలని గుణం.