కావలివాడు, అనుమానితుడు: నెల్లూరు తీర యానాదుల చరిత్రలో దృష్టిభేదం

విడవలూరు పెన్నకు ఉత్తరాన, సముద్రానికి చేరువగా ఉన్న వరిమాగాణి ప్రాంతం. వరి పండే చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట యానాదికి పని ఉంటుంది. కలుగుకు పొగపెట్టి ఎలుకలను పట్టడం, అందులో చేరిన గింజలను ఏరి తెచ్చుకోవడం, వాగుల్లో చేపలూ పీతలూ పట్టడం, రాత్రివేళ పైరుకు కావలి కాయడం నెల్లూరు తీరపు యానాదుల జీవనంలో భాగాలు. ఈ పనులను ఎవరు చూశారు, ఏమని రాశారు అన్నదే వారి చరిత్రకు కీలకం.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల గ్రంథంలో యానాదులపై సుదీర్ఘమైన వ్యాసముంది. కొలతలు తీసే శాస్త్రజ్ఞుని చూపు అది. మనిషిని జాతి నమూనాగా చూస్తుంది. అయితే వడపోత వలస పాలకులతోనే మొదలైందనుకోవడం సరికాదు. రెడ్ల ఇళ్లలో పనిచేసేవారు రెడ్డి యానాదులు, ఎంగిలి తినేవారిగా ఎంచబడినవారు చల్ల యానాదులు. ఈ పేర్లు రెండూ పెట్టినది ఇంటి యజమాని గడప నుంచే. ‘అనాది’ నుంచి ‘యానాది’ పుట్టిందనే వ్యుత్పత్తి వినసొంపుగా ఉంటుంది గాని, అది కూడా ఆ జనాన్ని కాలానికి వెలుపల నిలబెడుతుంది.

దృష్టిభేదం పుస్తకాల్లోనే ఆగిపోతే నష్టం స్వల్పమే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ విస్తరించింది. యానాదులలో కొన్ని వర్గాలు కూడా దాని నీడలోకి వచ్చాయి. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, కదలికలపై నిఘా ఆ చట్టపు సాధనాలు. రైతు దృష్టిలో రాత్రి పొలంలో తిరగడం కావలివాని విధి. పోలీసు దృష్టిలో అదే అనుమానానికి ఆధారం. రజ్జుసర్పభ్రాంతి దీపం తేగానే తొలగుతుంది. ఇక్కడ దీపం కూడా భ్రాంతి కలిగినవాని చేతిలోనే ఉంది, అతడు చూసినదే రికార్డుగా మిగిలింది. 1952లో చట్టం రద్దయినా, దాని కింద పోగైన కాగితాలు చరిత్రకారునికి ఆధారాలుగానే ఉన్నాయి.

వెన్నెలకంటి రాఘవయ్య జీవితకాల కృషి ఈ ముద్రకు ఎదురు నిలిచింది. 1962లో యానాదులపై ఆయన గ్రంథం వెలువడింది. అందులోనూ సంస్కర్త చూపు ఉంది. ఉద్ధరించవలసినవారిగా చూడటం నేరస్థులుగా చూడటం కంటే ఎంతో మేలు, కాని అది కూడా బయటి చూపే. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం మాత్రం అన్యాయం. ఒకటి మనిషిని నిర్బంధించింది, రెండవది నిర్బంధాన్ని ప్రశ్నించింది.

విడవలూరు వంటి ఊరి స్థానిక చరిత్రను రెవెన్యూ, పోలీసు కాగితాలతోనే రాస్తే కావలివాడు అందులో కనబడడు, అనుమానితుడు మాత్రమే కనబడతాడు. కాగితానికెక్కని పనులను, అంటే ఏ కలుగు ఎవరు తవ్వారు, పట్టిన ఎలుకలకు కూలి ఏమి ముట్టింది, గింజలు ఎవరివని తేల్చారు అన్నవాటిని, ఆ కుటుంబాల నోటనే సేకరించాలి. 1990ల తర్వాత ఈ తీరాన వరిపొలాల పక్కన రొయ్యల గుంటలు వెలిశాయి. వాటి గట్ల మీద రాత్రి కాపలా కాసేవారిలోనూ యానాదులున్నారు.