నెత్తుటిలో దాగిన అతుకు జన్యువు

1869లో ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు, క్యాన్సర్‌తో చనిపోయిన ఒక రోగి రక్తాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించాడు. కణితుల్లో ఉన్నటువంటి కణాలే రక్తంలోనూ కనబడ్డాయి. ఒకే మనిషికి ఒంట్లో పలుచోట్ల కణితులు ఎలా లేస్తాయో ఇవే చెప్పవచ్చని ఆయన రాశాడు.

కనబడ్డాయి సరే, పట్టుకోవడం ఎలా? ఒక్క మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలే 500 కోట్ల దాకా ఉంటాయి. వాటి మధ్య క్యాన్సర్ కణాలు ఏ ఒకటో రెండో. 2004లో అమెరికాలో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ పరీక్ష, కణం పైనుండే ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని వాటిని ఏరుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు అది బాగానే పనిచేసింది. ఎముకల్లో, కండరాల్లో, కొవ్వులో పుట్టే సార్కోమా కణాల మీద మాత్రం సాధారణంగా ఆ ప్రొటీన్ ఉండదు.

ఒక సార్కోమాకు మాత్రం వేరే దారి అప్పటికే దొరికింది. పిల్లలకు, పడుచువాళ్లకు ఎక్కువగా వచ్చే ఈవింగ్ సార్కోమా అది. దాని కణాల్లో 11, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని 1983లో ఫ్రాన్స్ పరిశోధకులు గుర్తించారు. ఆ అతుకు దగ్గర ఏముందో 1992లో పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో ఒలివియే దెలాత్ర్ బృందం తేల్చింది. ఈడబ్ల్యూఎస్ అనే జన్యువు ముక్కా, ఎఫ్ఎల్ఐ1 అనే జన్యువు ముక్కా అతుక్కుని ఒకే జన్యువైపోయాయి. జబ్బును పుట్టించేదే జబ్బును పట్టిచ్చేదీ అయింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

పరీక్ష పద్ధతి కూడా అందులోంచే వచ్చింది. రక్తంలోని ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి, దాని ప్రతులను పెంచే పీసీఆర్‌కు పెడతారు. ప్రతి తీయడం మొదలుపెట్టించే చిన్న డీఎన్ఏ తునకలను ప్రైమర్లంటారు. ఒక ప్రైమర్ మొదటి జన్యువు ముక్కకు, మరొకటి రెండో ముక్కకు అంటుకుంటుంది. రెండు ముక్కలూ ఒకే పోగు మీద ఉంటేనే కోట్ల ప్రతులు తయారవుతాయి. విడివిడిగా ఉంటే పెరగవు. 1995 నాటికే లక్షల మామూలు కణాల మధ్య ఒక్క ఈవింగ్ కణాన్ని ఇలా గుర్తించగలిగారు. జబ్బు ఒకేచోట ఉందనుకున్న రోగుల్లో కూడా, రక్తంలో ఈ ఆనవాలు దొరికితే అది తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని 2003లో ఒక ఫ్రెంచ్ అధ్యయనం చూపింది. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దానితో ఏకీభవించలేదు.

ఆస్టియోసార్కోమా వంటి ఎన్నో రకాల్లో ఇలాంటి స్థిరమైన అతుకు లేదు. కాబట్టి రక్తపరీక్ష ఒక్కటి చాలని ఎవరు చెప్పినా, కణితి ముక్క తీసి పరీక్షించే బయాప్సీ మానకండి. సార్కోమాను నిర్ధారించేది ఇప్పటికీ అదే.