పైథాన్‌కి ఇంటిపేర్లు ఎలా వచ్చాయి

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇది.

ఒకసారి క్లయింట్ సర్వర్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి, దానికి 'రాండమ్ డాట్ పై' అని పేరు పెట్టాను. మర్నాడు అదే ఫోల్డర్‌లో ఉన్న పాత జాబ్ పడిపోయింది. దాని కోడ్ నేను ముట్టుకోనేలేదు. కాంట్రాక్ట్ రెన్యువల్‌కి మూడు వారాలుంది, వీసా సంగతి మీకు చెప్పక్కర్లేదు. కారణం దొరికేసరికి రాత్రి రెండయింది. ఆ జాబ్ పైథాన్ సొంత రాండమ్ లైబ్రరీని ఇంపోర్ట్ చేస్తుంది. పైథానేమో ముందు స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. అక్కడ నా ఫైల్ దొరికింది, ఇంక ముందుకి పోలేదు.

ఈ గొడవ పాతదే. 1989 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పైథాన్ మొదలుపెట్టిన గైడో వాన్ రాసమ్, మాడ్యూల్ పద్ధతిని మాడ్యులా-3 నుంచి తెచ్చుకున్నాడు. ఒక ఫైల్ ఒక మాడ్యూల్, లోపలి పేర్లు దాని నేమ్‌స్పేస్‌లోనే ఉంటాయి. కానీ మాడ్యూళ్ల పేర్లన్నీ ఒకే వరసలో. మా ఊళ్లో ముగ్గురు సుబ్బారావులు ఉండేవారు. ఇంటిపేరు లేకుండా పిలిస్తే ముగ్గురూ పలికేవారు. పైథాన్‌కి మొదట కనపడ్డవాడే సుబ్బారావు.

1995లో గైడో వర్జీనియాలోని రెస్టన్‌కి, సిఎన్ఆర్ఐ అనే సంస్థకి వచ్చాడు. డల్లెస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర (టెక్సస్ డాలస్ కాదు, అదో నేమ్‌స్పేస్ గొడవ). ఆయన అక్కడున్న రోజుల్లోనే ప్యాకేజీలు వచ్చాయి. ముందు 'ని' అనే విడి మాడ్యూల్‌గా, తర్వాత 1.5 వెర్షన్లో భాషలోనే. 'ఎక్స్ఎమ్ఎల్ డాట్ డామ్' చూడండి: ఇంటిపేరు ముందు, చుక్క, ఆ తర్వాత పేరు. అచ్చం మన పద్ధతే. ఇక్కడి ఫారాలే మన పేర్లని తిరగేస్తాయి.

అయినా చిక్కు మిగిలింది. ప్యాకేజీ లోపల్నుంచి పిలిస్తే ముందు ఇంట్లోవాళ్లే పలికేవారు, అదే పేరున్న బయటి లైబ్రరీ అందేది కాదు. 2006లో 2.5 వెర్షన్ దీనికి ఓ దారి చూపించింది. 2008 డిసెంబర్‌లో 3.0 అదే రూల్ చేసింది: ఇంట్లోవాణ్ణి పిలవాలంటే ముందు చుక్క పెట్టాలి. రెండు నుంచి మూడుకి మార్చే ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు.

నా రాండమ్ గొడవ మాత్రం ఆ రూల్‌తో తీరేది కాదు. స్క్రిప్ట్ ఫోల్డర్ ఇప్పటికీ వరసలో ముందే ఉంటుంది. దాన్ని తప్పించే ఆప్షన్ 2022లో 3.11తో వచ్చింది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13 అయితే, మీ ఫైల్ పేరు లైబ్రరీ పేరుతో కలిసింది, మార్చుకోండని ఎర్రర్‌లోనే చెబుతుంది.

నా కాంట్రాక్ట్ రెన్యూ అయింది. కారణం 'ఫైల్ పేరు' అని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఆయన ఇప్పటికీ నమ్మడు.