త్రీ నాట్ త్రీ

మన ఊళ్లలో రిటైరైన సైనికులను తుపాకుల గురించి కదిలిస్తే చాలామంది నోట ముందు వచ్చే పేరు ఇదే. నిజానికిది పేరు కాదు, కొలత. తుపాకి గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. పాత ఇంగ్లీషులో సున్నాను ‘నాట్’ అనేవారు. కవాతు మైదానంలో ఆ ఉచ్చారణే సిపాయిల చెవినపడి, సెలవులకు ఇంటికొచ్చి తెలుగులో కలిసిపోయింది.

తుపాకి అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. లీ అనేది రూపకర్త ఇంటిపేరు, ఎన్‌ఫీల్డ్ లండన్ దగ్గర ఆయుధ కర్మాగారం ఉన్న చోటు. మన దేశంలో బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైంది. అయినా మనవాళ్లు మనిషి పేరూ ఊరి పేరూ వదిలేసి అంకెనే పట్టుకున్నారు. పలకడానికి అదే తేలిక మరి!

ఇందులో పది తూటాలు పడతాయి. పేల్చిన ప్రతిసారీ బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోయాలి. నాలుగు కిలోల బరువు, భుజాన్ని గుద్దే వెనకతన్ను. ఇన్ని కష్టాలున్నా గురి తప్పదనీ, మట్టిలో పొర్లినా మొరాయించదనీ పాత సిపాయిలకు దానిమీద మమకారం. 1962లో చైనాతో పోరాడిన మన జవాన్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఇదే. అప్పటికే అది కాలం చెల్లిన సరుకు. ఆ మమకారంలో ఈ సంగతి మరుగునపడకూడదు.

తర్వాత సైన్యంలోకి ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) వచ్చింది. త్రీ నాట్ త్రీ పోలీసు స్టేషన్లకు చేరింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దాన్ని సాగనంపింది 2020లో.